950 డిగ్రీల దగ్గర నొక్కిన టైటానియం 6-4: సగం రేకులు గుండ్రబడ్డాయి, సగం వంగి ఆగిపోయాయి. ఎందుకు?

భీమవరం_మెటల్:

పెద్దలందరికీ నమస్కారమండి. టైటానియం 6-4 (6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం కలిసిన మిశ్రలోహం), గ్రేడ్ 5 కడ్డీ మీద హాట్ కంప్రెషన్ టెస్టులు చేయించాం. ముందు 1040 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, ఫర్నేసులోనే చల్లార్చాం. కాబట్టి మొదలు నిర్మాణం పూర్తిగా లామెల్లర్, అంటే రేకుల దొంతర. బీటా (ఎక్కువ వేడిలో ఉండే స్ఫటిక రూపం) గ్రెయిన్ సైజు సుమారు 600 మైక్రాన్లు, ఆల్ఫా (తక్కువ వేడిలో ఉండే రూపం) రేకు మందం 4 నుంచి 5 మైక్రాన్లు. శాంపిల్ 8 మి.మీ. వ్యాసం, 12 మి.మీ. ఎత్తు. ఉష్ణోగ్రతలు 850, 900, 950, 1020. స్ట్రెయిన్ రేట్లు (నొక్కే వేగం) సెకనుకు 0.01, 0.1, 1, 10. మూడు నిమిషాల సోక్ (ఆ వేడిలోనే ఉంచడం) తరవాత ఎత్తు 60 శాతం తగ్గేదాకా నొక్కి, వెంటనే నీళ్ల క్వెంచ్ (గబుక్కున చల్లార్చడం).

నాకు అర్థం కానివి ఇవండి. 850 దగ్గర, రేటు 10లో స్ట్రెస్-స్ట్రెయిన్ కర్వు పీక్ తాకగానే నిటారుగా జారిపోయింది. మా గైడ్ గారు దాన్ని డైనమిక్ రీక్రిస్టలైజేషన్ (నొక్కుతుండగానే కొత్త గ్రెయిన్లు పుట్టడం) అని రాయమంటున్నారు. కానీ మైక్రోస్కోపులో ఒక్క కొత్త గ్రెయిన్ కూడా కనపడలేదు, ఒక మూల నుంచి ఇంకో మూలకి నల్లటి చార మాత్రం ఉంది. 950 దగ్గర, రేటు 0.01లో నడిమధ్య రేకులు చాలావరకు గుండ్రబడ్డాయి, ఆ పక్కనే కొన్ని కాలనీలు (ఒకే వాలులో ఉన్న రేకుల గుంపులు) అసలేం జరగనట్టు ఉన్నాయి. అదే 950లో రేటు 10 శాంపిల్ చూస్తే రేకులు వంకర్లు తిరిగాయి తప్ప గుండ్రబడలేదు. ఇక 1020 శాంపిల్ నిండా సూదులే. నొక్కిన గుర్తు ఎక్కడుందో తెలియడం లేదు. ఎలా చదవాలండి వీటిని?

---

ధవళేశ్వరం_ఫోర్జ్:

తమ్ముడూ, ముందు ఒక మాట. కర్వు జారినంత మాత్రాన అది రీక్రిస్టలైజేషన్ అని రాయకు. లామెల్లర్ 6-4లో కర్వు జారడానికి కనీసం మూడు కారణాలుంటాయి, వాటిలో రెండింటికి కొత్త గ్రెయిన్లతో పనే లేదు.

మొదటిది వేడి. నొక్కే పనిలో సుమారు 95 శాతం వేడిగా మారుతుంది. రేటు 10లో నీ టెస్టు మొత్తం 0.09 సెకన్లలో అయిపోతుంది. 60 శాతం తగ్గింపు అంటే ట్రూ స్ట్రెయిన్ (ఎత్తుల నిష్పత్తికి లాగరిథమ్) 0.92, దాన్ని 10తో భాగించు. అంతలో ఆ వేడి బయటికి పోలేదు, మెషీన్ కంట్రోలరూ దాన్ని సర్దలేదు. 850 దగ్గర నీ సగటు స్ట్రెస్ 250 మెగాపాస్కల్ అనుకుందాం. 0.95 × 250 × 0.92 అంటే ఘనపు మీటరుకి దాదాపు 218 మెగాజౌళ్లు. సాంద్రత 4430, స్పెసిఫిక్ హీట్ కిలోకి 700 జౌళ్లు వేసి భాగిస్తే 70 డిగ్రీలు వస్తుంది. అంటే 850 అని రాసుకున్న టెస్టు చివరికొచ్చేసరికి 920 దగ్గర జరుగుతోంది. కర్వు జారదా మరి? రేటు 0.01లో అదే పనికి 92 సెకన్లు పడుతుంది కాబట్టి వేడి ప్లాటెన్లలోకి (నొక్కే పలకల్లోకి) పోయి ఉష్ణోగ్రత నిలబడుతుంది.

ఆ నల్ల చార కూడా ఇక్కడిదే. టైటానియం 6-4 వేడిని సరిగా పాకనివ్వదు, మామూలు ఉష్ణోగ్రతలో దాని కండక్టివిటీ మీటరుకి డిగ్రీకి 7 వాట్లు మాత్రమే. ఎక్కడో ఒకచోట కాస్త ఎక్కువ వేడెక్కితే అక్కడ లోహం మెత్తబడుతుంది, మెత్తబడిన చోటే ఇంకా జారుతుంది, జారినకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. అదే షియర్ బ్యాండ్. నొక్కే దిక్కుకి సుమారు 45 డిగ్రీల వాలులో ఉంటుంది. దానిమీద 500 రెట్లలో చూడు, రేకులన్నీ ఒకే వైపు ఈడ్చినట్టు సాగి ఉంటాయి. పాత బీటా గ్రెయిన్ల సరిహద్దుల వెంట చిన్న చిన్న చిల్లులు కూడా వెతుకు. తక్కువ ఉష్ణోగ్రత, ఎక్కువ రేటు కలిసిన చోట అవి పుట్టే అవకాశం ఎక్కువ. అవి దొరికితే ఆ ఉష్ణోగ్రత, రేటు జత ఫోర్జింగుకి పనికిరాదని రాసేయొచ్చు.

రెండో కారణం రేకులు తిరగడం. ఆత్రేయపురం పూతరేకుల చుట్టని అంచు మీద నిలబెట్టి నొక్కినట్టు ఊహించుకో. కాసేపు గట్టిగా ఆపుతుంది, ఒక్కసారి మడత పడిందంటే ఇక ఎదురు ఉండదు. కాలనీ కూడా అంతే. నొక్కే దిక్కుకి సమాంతరంగా ఉన్న రేకులు కింక్ అవుతాయి, తరవాత మెల్లగా అడ్డంగా తిరుగుతాయి. ఆ మడత పడటమే పీక్ తరవాతి జారుడులో పెద్ద వాటా. మూడోది నువ్వు చూస్తున్న గ్లోబ్యులరైజేషన్, అంటే గుండ్రబడటం. అది నిజమే, కానీ నిదానమైన పని.

ఎందుకు నిదానమంటే, రేకు గుండ్రబడాలంటే ముందు దాని లోపల అడ్డంగా సబ్‌గ్రెయిన్ సరిహద్దులు పుట్టాలి. ఆ సరిహద్దు రేకు పక్కని తాకే చోట ఒక గాడి పడుతుంది. ఆ గాడిలోకి బీటా చొరబడి రేకుని ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు ఉపరితల శక్తి తగ్గించుకోవడానికి గుండ్రబడతాయి. సరిహద్దు పుట్టడానికి స్ట్రెయిన్ చాలు. బీటా చొరబడాలంటే వనేడియం, అల్యూమినియం అణువులు నడవాలి, దానికి టైము కావాలి. 92 సెకన్లు ఉన్నచోట ఆ పని జరిగింది. 0.09 సెకన్లు ఉన్నచోట సరిహద్దులు పుట్టి అక్కడే ఆగిపోయాయి. అందుకే నీ రేటు 10 శాంపిల్లో వంకర రేకులే కనపడతాయి, లోపల మాత్రం ముక్కలవడానికి సిద్ధంగా ఉన్నాయి.

పైగా నీ రేకు 4-5 మైక్రాన్ల మందం. ఫర్నేసులో నెమ్మదిగా చల్లార్చితే అంతే లావవుతుంది. గాడి అంత మందం దాటడానికి చాలా సేపు పడుతుంది. పరిశ్రమలో ఆల్ఫా-బీటా ఫోర్జింగుకి ముందు బీటా నుంచి నీళ్లలో క్వెంచ్ చేసేది ఇందుకే, రేకు సన్నగా ఉంటే తొందరగా తెగుతుంది. అప్పటికీ లామెల్లర్ 6-4లో గుండ్రబడటం మొదలవడానికి ట్రూ స్ట్రెయిన్ ఇంచుమించు 1, పూర్తవడానికి 2 పైన కావాలి. నీ 0.92 గడప దగ్గరే ఉంది. రాపిడి వల్ల నడిమధ్య అసలు స్ట్రెయిన్ 0.92 కంటే ఎక్కువ, పైకింద ముఖాల దగ్గర బాగా తక్కువ. కాబట్టి ఒకే శాంపిల్లో రెండు రకాలూ కనపడటం వింత కాదు.

---

కాకినాడ_మైక్రోస్కోప్:

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తానండి, రెండు విషయాలు మాత్రం కలపాలి.

ఏం జరగనట్టున్న కాలనీల సంగతి ముందు. అడ్డంగా పడుకున్న రేకులు నొక్కితే సన్నబడతాయి తప్ప మడత పడవు, అది ఒక కారణం. ఇంకో కారణం స్ఫటికం దిక్కు. ఆల్ఫాది షడ్భుజి నిర్మాణం. దాని సి-అక్షం (షడ్భుజి నిలువు గీత) నొక్కే దిక్కుకి దగ్గరగా ఉంటే బేసల్ స్లిప్పుకీ ప్రిజం స్లిప్పుకీ (అణువుల పొరలు జారే రెండు దారులకి) ష్మిడ్ ఫ్యాక్టర్, అంటే పెట్టిన లోడులో జారుడుకి పనికొచ్చే వాటా, సున్నా దగ్గరికి పోతుంది. అలాంటి కాలనీ గట్టిగా నిలబడుతుంది, పక్కన మెత్తగా ఉన్నవి దాని చుట్టూ వంగుతాయి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఏంటంటే, రేకు వాలు చూసి సి-అక్షం ఎటుందో చెప్పేయడం. రేకు వెడల్పు ముఖం బేసల్ ప్లేను కాదు. సి-అక్షం తెలియాలంటే ఈబీఎస్‌డీ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో స్ఫటికాల దిక్కు కొలిచే పద్ధతి) చేయాల్సిందే. ఆప్టికల్ ఫొటో మీద మాత్రం రేకుల వాలు అని మాత్రమే రాయండి.

1020 శాంపిల్ సంగతి. అక్కడ మీరు నొక్కింది బీటాని. క్వెంచ్ చేయగానే ఆ బీటా అంతా ఆల్ఫా ప్రైమ్ మార్టెన్‌సైట్ అయిపోయింది. మీకు కనపడే సూదులు నొక్కడం అయిపోయాక పుట్టినవి, వాటిలో డిఫార్మేషన్ వెతక్కూడదు. వెతకాల్సింది పాత బీటా గ్రెయిన్ ఆకారంలో. గుండ్రటి 600 మైక్రాన్ల గ్రెయిన్‌ని 60 శాతం నొక్కితే ఎత్తు 240 మైక్రాన్లు, వెడల్పు 950 దాకా రావాలి. 50 రెట్లలో తక్కువ వెలుగు పెట్టి చూడండి, పోలరైజ్డ్ లైట్ ఉంటే ఇంకా తేలిక. అప్పడంలా పరుచుకున్న గ్రెయిన్లు కనపడితే అక్కడ ఎక్కువగా రికవరీయే (కొత్త గ్రెయిన్లు పుట్టకుండా లోపలి లోపాలు సర్దుకోవడం) జరిగింది. సరిహద్దులు రంపపు పళ్లలా ఉండి, వాటి వెంట దండ గుచ్చినట్టు చిన్న గ్రెయిన్లు ఉంటే రీక్రిస్టలైజేషన్ మొదలైంది. బీటాలో అణువులు వేగంగా నడుస్తాయి, డిస్‌లొకేషన్లు (స్ఫటికంలోని లోపాలు) తేలిగ్గా సర్దుకుంటాయి, అందుకే దానికి రికవరీ మీదే మొగ్గు. చిన్న గ్రెయిన్లు కనపడితే రేటు 0.01లో కనపడే అవకాశం ఎక్కువ. ఈబీఎస్‌డీ డేటా ఉంటే బర్గర్స్ సంబంధం (బీటా, ఆల్ఫా స్ఫటికాల దిక్కుల మధ్య ఉండే లెక్క) వాడి పాత బీటాని తిరిగి కట్టొచ్చు. ఒక బీటా నుంచి 12 ఆల్ఫా వేరియంట్లు వస్తాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ ఆ లెక్క వెనక్కి చేస్తుంది.

అసలు నన్ను అడిగితే, మీ ఫొటో ప్రతిదాంట్లో మూడు పొరలున్నాయి. వేడి చేసినప్పుడు వచ్చిన మార్పు, నొక్కినప్పుడు వచ్చింది, చల్లార్చినప్పుడు వచ్చింది. వీటిని విడదీయకుండా ఏ పేరు పెట్టినా వైవాలో నిలబడదు. నొక్కకుండా అదే హీటింగ్, అదే సోక్ ఇచ్చి క్వెంచ్ చేసిన శాంపిల్ ఉందా మీ దగ్గర? అది లేకపోతే 950 దగ్గర రేకులు ఎంత సన్నబడ్డాయో, అందులో నొక్కుడు వాటా ఎంతో చెప్పలేరు. మూడు నిమిషాల సోక్ కూడా లావు రేకులకి తక్కువే. ఆల్ఫా, బీటా పాళ్లు ఇంకా సర్దుకుంటుండగానే మీరు నొక్కి ఉండొచ్చు.

ఇంకోటి, క్వెంచ్ ఆలస్యం. 8 మి.మీ. ముక్క గాలిలో రెండు మూడు సెకన్లు ఆగినా బీటాలో సెకండరీ ఆల్ఫా సన్నటి సూదుల్లా పడటం మొదలవుతుంది. అది చూసి సన్నబడిన లామెల్లా అనుకునే ప్రమాదం ఉంది.

---

భీమవరం_మెటల్:

చాలా థాంక్సండి ఇద్దరికీ. నొక్కని శాంపిల్ చేయలేదు, అది మా తప్పే. నొక్కాక శాంపిల్ ఎత్తు 4.8 మి.మీ., పొట్ట దగ్గర వ్యాసం 13.4 మి.మీ. వచ్చింది. రాపిడి ఎక్కువైనట్టా? లూబ్రికెంటుగా నికెల్ పేస్టు వాడారు. 950 శాంపిల్ ఒకటి ప్లాటెన్‌కి అతుక్కుపోయింది కూడా. ఎచ్ (యాసిడ్ పూత) చేశాక కొన్నిచోట్ల గోధుమ రంగు మచ్చలు వస్తున్నాయి, పాలిష్ తప్పా అని అనుమానం. బీటా ట్రాన్సస్ (ఆల్ఫా పూర్తిగా బీటా అయిపోయే ఉష్ణోగ్రత) 995 అని పుస్తకంలో ఉన్న అంకె వేసుకున్నాం, సరిపోతుందా?

---

అమలాపురం_టైటాన్:

అతుక్కోవడానికి కారణం నికెలే అయ్యుంటుంది. టైటానియం-నికెల్ యూటెక్టిక్ (రెండూ కలిసి తక్కువ వేడిలోనే కరిగే మిశ్రమం) 942 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మీరు నొక్కింది 950లో. నికెల్ నేరుగా టైటానియాన్ని తాకితే ఆ ఉష్ణోగ్రతలో మధ్యలో ద్రవం పుడుతుంది, చల్లారాక వెల్డింగ్ అయినట్టే. మధ్యలో 0.1 మి.మీ. టాంటలం రేకు వేసి, టాంటలానికీ ప్లాటెన్‌కీ మధ్య మాత్రమే పేస్టు పూయాలి. టైటానియం వైపు గ్రాఫైట్ రేకు పెట్టొచ్చు.

రాపిడి లెక్క ఇలా చూడండి. చివరి ఎత్తుని పొట్ట వ్యాసార్ధపు వర్గంతో గుణించి, మొదటి ఎత్తు, మొదటి వ్యాసార్ధపు వర్గాల గుణకారంతో భాగించాలి. మీకు 4.8 × 6.7 × 6.7 అంటే 215.5. కింద 12 × 4 × 4 అంటే 192. భాగిస్తే 1.12. ఇది 1.1 లోపుంటే కర్వుని అలాగే వాడుకోవచ్చు, దాటితే రాపిడి కరెక్షన్ చేయాలి. మీది కొద్దిగా దాటింది. రేటు 1, 10 కర్వులకి ఉష్ణోగ్రత కరెక్షన్ కూడా తప్పదు. రెండూ చేశాకే యాక్టివేషన్ ఎనర్జీ (లోహం సాగడానికి దాటాల్సిన శక్తి గడప) లెక్క మొదలుపెట్టండి. ఆల్ఫా-బీటా ప్రాంతంలో అది మోలుకి 500 కిలోజౌళ్లు దాటి వస్తే కంగారు పడొద్దు. ఉష్ణోగ్రతతో పాటు ఆల్ఫా పాలు కూడా మారుతుంది కాబట్టి అంకె ఉబ్బుతుంది, అది డిఫ్యూజన్ ఎనర్జీ కాదు. 1020 అంకెని 850 నుంచి 950 దాకా ఉన్నవాటితో కలిపి ఒకే గీత గీయడం మాత్రం తప్పు. ప్రాసెసింగ్ మ్యాపు (ఏ ఉష్ణోగ్రత, రేటు జత ఫోర్జింగుకి మంచిదో చూపే పటం) వేసినా ఇదే మాట. 1984లో మన ఐఐఎస్సీ ప్రసాద్ గారు, తోటివారు కలిసి టైటానియం 6242 అనే ఇంకో మిశ్రలోహం మీద ఆ పద్ధతిని ముందుకు తెచ్చారు. ఎఫిషియన్సీ సూత్రంలో ఎమ్ (రేటు మారితే స్ట్రెస్ ఎంత మారుతుందో చెప్పేది) అనే ఒక్క అంకే ఉంటుంది, ఎమ్ 0.2 అయితే 33 శాతం, 0.5 అయితే 67 శాతం. కానీ ఆ ఎమ్‌ని నాలుగు రేట్ల మీంచి లాగుతున్నారని గుర్తుంచుకోండి. మ్యాపులో పచ్చగా కనపడిన ప్రతి చోటా శాంపిల్ కోసి చూడాలి.

ట్రాన్సస్ పుస్తకం అంకె వద్దండి. ఆక్సిజన్, అల్యూమినియం పెరిగితే అది పైకి పోతుంది, ఇనుము, వనేడియం పెరిగితే కిందికి దిగుతుంది. గ్రేడ్ 5లో ఆక్సిజన్ 0.20 శాతం దాకా ఒప్పుకుంటారు, ఈఎల్ఐ (ఆక్సిజన్ లాంటివి బాగా తక్కువున్న) రకంలో 0.13. ఆ తేడాకే ట్రాన్సస్ 15, 20 డిగ్రీలు కదులుతుంది. మీ కడ్డీ నుంచే 10 మి.మీ. ముక్కలు ఐదు కోసి 970, 980, 990, 1000, 1010 దగ్గర అరగంట చొప్పున ఉంచి, రెండు సెకన్లలోపు నీళ్లలో వేయండి. ఫర్నేసు డిస్‌ప్లే నమ్మొద్దు, థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగల జత) కొన డమ్మీ ముక్కలో చిల్లు పెట్టి దింపండి. ముక్కని సగానికి కోసి నడిమధ్య చూడండి. ప్రైమరీ ఆల్ఫా (ఆ వేడిలోనూ బీటాగా మారక మిగిలిన ఆల్ఫా) ఆఖరిసారి కనపడిన ఉష్ణోగ్రతకీ, అది పూర్తిగా పోయినదానికీ మధ్య ఉంది మీ ట్రాన్సస్. అంచు దగ్గర చూస్తే మోసపోతారు. గాలిలో వేడి చేస్తే ఆక్సిజన్ లోపలికి దిగి తెల్లటి ఆల్ఫా కేస్ పొర కడుతుంది, అక్కడ ఆల్ఫా 1010 దగ్గర కూడా పోదు.

ఇక మచ్చలు. మన డెల్టాలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పు, భీమవరం చుట్టుపక్కల చెప్పనక్కర్లేదు. పాలిష్ అయ్యాక ఆ నీళ్లతో కడిగి గాలికి ఆరబెడితే మచ్చ రాక తప్పదు. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఇథనాల్ పోసి, డ్రయ్యర్‌తో ఆరబెట్టండి. మిథనాల్ వద్దు, టైటానియానికి అది పడదు. టెస్టుకి ముందు శాంపిల్ కడిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. క్లోరైడు అంటుకున్న టైటానియాన్ని వేడి చేసి స్ట్రెస్ పెడితే ఉప్పు వల్ల పగుళ్లు వచ్చే ప్రమాదం ఉంది. అసిటోన్ తుడుపు అయ్యాక వట్టి చేత్తో ముట్టుకోకండి, చెమటలోనూ ఉప్పే.

ఎచింగుకి క్రోల్స్ ద్రావణం: 92 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, 6 నైట్రిక్, 2 హైడ్రోఫ్లోరిక్ (హెచ్ఎఫ్), 10 నుంచి 20 సెకన్లు. గాజు బీకరు వాడకండి, హెచ్ఎఫ్ గాజుని తినేస్తుంది, ప్లాస్టిక్‌దే వాడాలి. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేంత దూరంలో లేకుండా ఆ సీసా మూత తీయొద్దు. హెచ్ఎఫ్ చర్మం మీద పడ్డ వెంటనే మంట తెలియకపోవచ్చు, లోపల ఎముక దాకా దిగుతుంది. ఆఖరి పాలిష్ కొల్లాయిడల్ సిలికా ఐదు పాళ్లు, 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక పాలు కలిపి పది నిమిషాలు. గీతలు పోకపోతే ముందు పేపర్ దశకి వెనక్కి వెళ్లాలి, ఎచ్ ఎక్కువ చేసి దాచకూడదు.

---

కాకినాడ_మైక్రోస్కోప్:

గుండ్రబడిన శాతం లెక్కించేటప్పుడు నియమం ముందే రాసుకోండి. పొడవుకీ వెడల్పుకీ నిష్పత్తి 2 లోపు ఉన్నదాన్నే గుండ్రనిదిగా లెక్కపెడతాం అని ఒక గీత గీసుకుని, అన్ని శాంపిళ్లకీ అదే వాడాలి. నొక్కిన దిక్కుకి సమాంతరంగా కోసి, నడిమధ్య నుంచి కనీసం ఐదు ఫీల్డులు తీసుకోండి.

ఒక హెచ్చరిక. ఆప్టికల్‌లో అందంగా గుండ్రంగా కనపడే ఆల్ఫా అంతా ఈబీఎస్‌డీలో ఒకే రంగులో రావచ్చు. ఒక కాలనీ ముక్కలైనా, ఆ ముక్కలన్నీ పాత దిక్కునే పట్టుకుని కూర్చుంటాయి. దాన్నే మ్యాక్రోజోన్ అంటారు. లోడు పెట్టి అలా ఆపి ఉంచే వాడకంలో పగులు అక్కడ పుడుతుంది. 2017 సెప్టెంబరు 30న గ్రీన్‌లాండ్ మీద ఎగురుతున్న ఏ380 విమానంలో ఒక ఇంజిన్ ఫ్యాన్ హబ్ విరిగిపోయింది. ఆ హబ్ టైటానియం 6-4దే, పగులు ఉపరితలం కింద ఒక మ్యాక్రోజోన్‌లో డ్వెల్ ఫెటీగ్ (అలా లోడు ఆపి ఉంచడంతో వచ్చే అలసట) వల్ల మొదలైందని ఫ్రెంచి దర్యాప్తు తేల్చింది. అందుకని మీ రిపోర్టులో గ్లోబ్యులరైజేషన్ 80 శాతం అని రాసే ముందు, ఒక్క శాంపిల్‌కైనా ఈబీఎస్‌డీ చేయించండి.

---

భీమవరం_మెటల్:

అర్థమైందండి. మా దగ్గర ఇంకా ఆరు శాంపిల్ ముక్కలు మిగిలాయి. మెషీన్ టైము ఒక్క రోజే ఇస్తారు. వాటిని ఎలా వాడుకోమంటారు?

---

ధవళేశ్వరం_ఫోర్జ్:

అన్నీ 950 దగ్గరే పెట్టు తమ్ముడూ, ఉష్ణోగ్రతలు మార్చి చెల్లాచెదురు చేసుకోకు. ఒకటి, సోక్ ఇచ్చి నొక్కకుండా క్వెంచ్. రెండోది, సోక్ తరవాత ఇంకో 92 సెకన్లు అక్కడే ఉంచి, నొక్కకుండా క్వెంచ్. ఇది నీ 0.01 టెస్టు పట్టిన టైముకి సరిజోడు, ఉత్త వేడి ఎంత పని చేసిందో ఇదే చెబుతుంది. మూడోది, రేటు 10లో 60 శాతం నొక్కి, అక్కడే 92 సెకన్లు ఆపి, క్వెంచ్. దీంట్లో గుండ్రబడటం 0.01 శాంపిల్‌కి దగ్గరగా వస్తే, నువ్వు డైనమిక్ అనుకుంటున్నదాంట్లో ఎక్కువ భాగం టైము చేసిన పనే. అసలు రాకపోతే, నొక్కుతూ ఉండటమే రేకుల్ని తెంచుతోంది. నాలుగోది, 0.01లో 30 శాతం దగ్గరే ఆపేయి, ట్రూ స్ట్రెయిన్ 0.36 వస్తుంది, కింకులు మాత్రమే ఉండి ముక్కలు లేని దశ చూడొచ్చు. ఐదోది, ముందే 1040 నుంచి నీళ్లలో క్వెంచ్ చేసి రేకు సన్నగా చేసుకుని, 0.01లో 60 శాతం. మందం ప్రభావం ఫొటోలోనే తెలిసిపోతుంది.

ఆరోది ఊరికే ఉంచు. థర్మోకపుల్ వెల్డింగ్ ఊడే పని ఎక్కువ మూడో శాంపిల్ దగ్గరే, దెబ్బ తగిలే రేటు 10 కదా. తీగలు రెండూ ఎత్తుకి సరిగ్గా సగం దగ్గర, ఒకదానికొకటి 1 మి.మీ. దూరంలో విడివిడిగా వెల్డ్ చేయించు. వెల్డ్ చేసే చోట ముందు ఎమరీతో గరుకు చేసి అసిటోన్‌తో తుడవాలి.